పలకరింపు

మా వీధి చివర డాబా ఇంట్లో వుండే రిటైర్డు మేష్టారు కిందటేడు కాలం చేశారు. మూడో రోజు సాయంకాలం పలకరించి వద్దామని మా ఆవిడా, నేనూ బయలుదేరాము. ముందు గదిలో అద్దెకు తెచ్చిన ప్లాస్టిక్ కుర్చీలు వేసి వున్నాయి. లోపలి గదిలో ఆయన భార్య గోడకు చేరగిలబడి చాపమీద కూర్చుని వున్నది. ఆవిడ కళ్ళు పొడిగా వున్నాయి. వచ్చినవాళ్ళు వస్తున్నారు, పోయేవాళ్ళు పోతున్నారు.

మేము కూర్చున్న అరగంటలోనే, ఆయన ఎలా పోయారన్న కథను ఆవిడ నాలుగుసార్లు చెప్పవలసి వచ్చింది. "రాత్రి భోజనం చేశారా?" అని ఒకరు. "బీపీ వుందా, షుగరు వుందా?" అని మరొకరు. "ఛాతీలో నొప్పి అన్నప్పుడే విజయవాడ తీసుకుపోవలసింది. ఇక్కడి డాక్టర్లను నమ్ముకుంటే ఇంతే" అని ఇంకొక పెద్దమనిషి. ఆ మాటతో ఆవిడ తల దించుకున్నది. తీసుకుపోనిది తానే గదా! "మా బావమరిదీ ఇంతేనండి. ఇలాగే, కాఫీ తాగుతూ తాగుతూ..." అంటూ వేరొకాయన తన బావమరిది కథ ఎత్తుకుని, అరుగుమీద వున్నవాళ్ళు కూడా లోపలికి తొంగిచూసేటంత రసవత్తరంగా చెప్పుకుపోయాడు. ఒకావిడ, "ఏడవకూడదమ్మా. నువ్వు ఏడిస్తే పైన వారికి శాంతి వుండదు" అన్నది. అప్పటికి ఏడవనే లేదు పాపం ఆ ఇల్లాలు.

వీళ్ళంతా ఇలా అంటూ వుంటే మరి నేనేమన్నానని మీరు అడగవచ్చు. తెలుగు మేష్టర్ని గదా! గొంతు సవరించుకుని, "కాలమే అన్నిటికీ మందమ్మా" అన్నాను. ఆవిడ మర్యాదకు తల వూపింది. ఆ మాట నాకే కొబ్బరిచిప్ప మోగినట్టు వినిపించింది.

అంతలో ఎదురింటి పిన్నిగారు వచ్చారు. డెబ్భై దాటిన మనిషి. చదువు సంతకం దాకానే. చేతిలో మజ్జిగ చెంబు. వచ్చి చాపమీద ఆవిడ పక్కనే చతికిలబడి, చేయి తన చేతిలోకి తీసుకుని, కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత మెల్లగా, "పొద్దున్నే ఆయన అరుగుమీద కూర్చుని పేపరు పైకి చదివేవారు. మా వంటింట్లోకి వినపడేది. నాకు చదవటం రాదుగా, నేను లోకం సంగతులు తెలుసుకున్నది ఆయన గొంతుతోనే. మూణ్ణాళ్ళ నుంచీ ఆ వేళకు చెవులు అటే పోతున్నాయమ్మా" అన్నారు.

అంతే. మూడురోజులుగా పొడిగా వున్న ఆ కళ్ళు నిండాయి. ఆవిడ పిన్నిగారి భుజంమీద తల ఆనించి భోరున ఏడ్చింది. ఏడ్చి ఏడ్చి తేరుకున్న తర్వాత పిన్నిగారు చెంబు అందించి, "రెండు గుక్కలు తాగు" అన్నారు. తాగింది.

ఇంటికి నడిచి వస్తూ మా ఆవిడ, "చూశారా, పలకరించటమంటే అదీ" అన్నది. ఎమ్మే చదివి, ఇరవై ఏళ్ళుగా కరుణరసం బోధిస్తున్న నాకు ఆ ముక్క కొంచెం గుచ్చుకున్నది. గుచ్చుకున్నది గనుకనే ఈ వ్యాసం.

మాటల వెనుక మాట

ముందు ఈ మాటల సంగతి చూద్దాము. అది నా వృత్తి. పలుకునుంచి పలకరింపు పుట్టింది. ఎవరైనా ఎదురుపడితే నవ్వి మాట్లాడటమూ పలకరింపే, చావు జరిగిన ఇంటికి పోయి కూర్చోవటమూ పలకరింపే. సంతోషానికీ, దుఃఖానికీ మన భాష ఒకే మాట పెట్టుకున్నది. రెండు చోట్లా చేయవలసిన పని ఒకటే గనుక కావచ్చు. "నువ్వు వున్నావని నాకు తెలుసు" అని ఎదుటి మనిషికి తెలియజేయటమే ఆ పని.

ఇంకొంచెం పెద్దమనిషి తరహాగా చెప్పవలసివస్తే 'పరామర్శ' అంటాము. మంత్రులు బాధితులను పరామర్శించారని పత్రికల్లో రోజూ చదువుతాము. ఆ మాటలోని 'మృశ్' ధాతువుకు తాకటం, నిమరటం అని అర్థం. ఆలోచించటమని కూడా అర్థం. తర్కశాస్త్రంలో ఇదే మాటకు ఇంకొక చక్కని అర్థం వున్నది. కొండమీద పొగ చూసి అక్కడ నిప్పు వున్నదని ఊహిస్తాము. "నిప్పు లేనిదే వుండని ఆ పొగ ఈ కొండమీద వున్నది" అని మనసులో జతకూడే జ్ఞానానికి నైయాయికులు పరామర్శ అని పేరు పెట్టారు. అనగా కనిపించే దానినుంచి కనిపించని దానికి వేసే అడుగు. మనిషి మాట పొగ అయితే, లోపల రగులుతున్నది నిప్పు. పొగను మాత్రం చూసి, "ఏమిటీ మసి!" అని విసుక్కునేవాడు పరామర్శించినట్టు కాదు.

మూడో మాట 'అనుకంప'. మనవాళ్ళు దయ అన్న అర్థంలో వాడేస్తున్నారు గాని, విడదీసి చూడండి. కంపించటం అంటే వణకటం. అనుకంప అంటే ఒకరు వణికితే వారి వెంట తానూ వణకటం. పక్క వీణ తీగ మోగితే శ్రుతి కలిసిన రెండో తీగ దానంతట అదే కదిలినట్టు. జాలి వేరు. జాలి పడేవాడు గట్టుమీద నిలబడి వుంటాడు. నీళ్ళలో వున్నవాణ్ణి చూసి "అయ్యో పాపం" అంటాడు. అనుకంప కలవాడికి కాళ్ళు తడుస్తాయి.

ఇంగ్లీషువాళ్ళకు దీనికి సరైన మాట చాలాకాలం లేదంటే ఆశ్చర్యం కలుగుతుంది. 'సింపతీ' అని ఒకటి వుండేది. జర్మనీలో 19వ శతాబ్దం చివర, ఒక శిల్పాన్నో చిత్రాన్నో చూసేటప్పుడు మన అనుభూతి దాని లోపలికి ప్రవేశించటాన్ని గురించి పండితులు చర్చించారు. తియోడర్ లిప్స్ అనే ఆయన ఆ భావాన్ని బొమ్మలనుంచి మనుషులకు కూడా విస్తరింపజేశాడు. ఆ జర్మన్ మాటకు అనువాదంగా 1909లో టిచెనర్ అనే మనస్తత్వ శాస్త్రజ్ఞుడు 'ఎంపతీ' అనే కొత్త మాట ప్రవేశపెట్టాడు. చూశారా, ఇవాళ మన కార్పొరేటు ఆఫీసుల్లో పొద్దస్తమానం వినిపించే ఆ మాటకు వందేళ్ళు దాటి ఎంతో కాలం కాలేదు. దాని పుట్టుక కూడా కళాస్వాదనలోనే.

కళాస్వాదన దగ్గర మన పూర్వులు అంతకు వెయ్యేళ్ళ ముందే వున్నారు. కాశ్మీర దేశపు అభినవగుప్తుడు కావ్యం చదివేవాడికి 'సహృదయుడు' అనే పేరును స్థిరపరచి, వాడెవడో వివరించాడు. కావ్యాలు చదివి చదివి అద్దంలా తుడుచుకున్న మనసు కలవాడు, చదువుతున్న విషయంతో తాను ఒకటి కాగలిగినవాడు సహృదయుడు. మన ఆదికావ్యం పుట్టుక కథ కూడా అలాంటిదే గదా! బోయవాడి బాణానికి జంటలో ఒక క్రౌంచపక్షి పడిపోతే, రెండోదాని ఏడుపు విని వాల్మీకి చలించాడు. పిట్ట ఏడుపు ఋషికి శోకమైతే, ఆ శోకం శ్లోకమైంది. రామాయణం అనుకంపతో మొదలైంది.

ఇదంతా నేను ప్రతి ఏటా క్లాసులో చెబుతాను. చెబుతూనే వున్నాను.

నేను వినని ఒక వాక్యం

ఇప్పుడు నా స్వంత కథ ఒకటి చెప్పుకోవాలి. పదిహేనేళ్ళు దాటింది.

ఆ రోజు రెండో సంవత్సరం డిగ్రీ క్లాసులో కరుణశ్రీగారి 'పుష్పవిలాపం' చెబుతున్నాను. పూజకు పూలు కోయటానికి వచ్చిన మనిషితో ఆ పూలు మొరపెట్టుకునే ఘట్టం. ఘంటసాలగారి గొంతుతో తెలుగుదేశమంతా కన్నీళ్ళు పెట్టుకున్న కావ్యఖండిక. నాకూ పద్యం పాడే అలవాటు వున్నది. క్లాసు నిశ్శబ్దమైపోయింది. ముందు బెంచీలో ఇద్దరు ముగ్గురు ఆడపిల్లలు చున్నీలతో కళ్ళు తుడుచుకున్నారు. "కొమ్మమీద వున్న పువ్వుకు కూడా ఒక మాట వుంటుంది. అది వినటానికి చెవి కావాలి" అని నా వ్యాఖ్యానం ముగించి, పీరియడ్ బాగా సాగిందన్న తృప్తితో స్టాఫ్ రూములోకి వచ్చి కూర్చున్నాను.

అయిదు నిమిషాల తర్వాత ఆ క్లాసులోని అమ్మాయే ఒకతె గుమ్మంలో నిలబడింది. చేతిలో కాగితం. టీసీ కోసం దరఖాస్తు. దానిమీద క్లాసు ఇన్‌చార్జిగా నా సంతకం కావాలి.

"టీసీ ఎందుకమ్మా?" అన్నాను.

"పెళ్ళి కుదిరింది సార్."

"శుభం! మంచి మాట చెప్పావు" అన్నాను నవ్వుతూ. "లైబ్రరీ పుస్తకాలు అన్నీ అప్పజెప్పావా?"

"అప్పజెప్పాను సార్."

సంతకం చేసి కాగితం ఇచ్చాను. అమ్మాయి కదలలేదు. కాగితం రెండు చేతులతో పట్టుకుని, "సార్, మా నాన్నగారు మీరంటే..." అని ఆగింది. అంతలో గంట మోగింది. నాకు పక్క సెక్షనులో క్లాసు వుంది. హాజరు పట్టీ తీసుకుంటూ లేచాను. "నాన్నగారు ఏం చేసినా నీ మంచికేనమ్మా. పెళ్ళి శుభలేఖ పంపించు" అన్నాను. "అలాగే సార్" అని వెళ్ళిపోయింది.

శుభలేఖ రాలేదు. నేనూ మరిచిపోయాను.

ఏడెనిమిదేళ్ళకు ఒక బస్టాండులో ఎవరో "నమస్కారం సార్" అన్నారు. పక్కన ఆరేళ్ళ పిల్లతో ఆ అమ్మాయి. నేను ముందు గుర్తుపట్టలేదు. పిల్లకు నన్ను చూపించి, "మా తెలుగు సారు. పద్యాలు ఎంత బాగా పాడతారో!" అన్నది. మాటల సందర్భంలో, "చదువు మానేసినందుకు ఇప్పటికీ దిగులుగా వుంటుంది సార్. మీరంటే మా నాన్నగారికి గౌరవం. ఒక్కసారి వచ్చి పరీక్షల దాకా ఆగమని చెబుతారేమో అడుగుదామని ఆ రోజు వచ్చాను. అడగలేకపోయాను" అన్నది. ఆ గొంతులో నిష్ఠూరం లేదు. ఇతరుల సంగతి చెప్పినట్టు చెప్పింది. వాళ్ళ బస్సు వచ్చింది. పిల్ల చెయ్యి పట్టుకుని ఎక్కి వెళ్ళిపోయింది.

నేను వెళ్ళి మాట్లాడితే ఆ తండ్రి వినేవాడని ఏమీ లేదు. కాని ఆ అమ్మాయి వాక్యం సగంలో ఆగిపోయింది. రెండో సగం ఏమిటని నేను అడగలేదు. పువ్వు మాట వినటానికి చెవి కావాలని పాఠం చెప్పి అప్పటికి పావుగంట కూడా కాలేదు.

తొందర అనే శత్రువు

ఇది నా ఒక్కడి జబ్బు కాదని తర్వాత ఎప్పుడో ఒక పుస్తకంలో చదివి, కొంత ఊరట, అంతకు రెట్టింపు సిగ్గు పొందాను.

డార్లీ, బాట్సన్ అనే ఇద్దరు అమెరికన్ మనస్తత్వ శాస్త్రజ్ఞులు 1973లో ఒక పరిశోధన ప్రచురించారు. ప్రిన్స్‌టన్‌లో మతగురువులు కావటానికి చదువుకుంటున్న విద్యార్థులు 40మందిని తీసుకున్నారు. ఒక భవనంనుంచి మరొక భవనానికి నడిచి వెళ్ళి అక్కడ చిన్న ఉపన్యాసం ఇవ్వాలని చెప్పారు. కొందరికి ఇచ్చిన విషయం ఉద్యోగాలను గురించి. తక్కినవారికి ఇచ్చినది బైబిల్లోని మంచి సమరయుని కథ. దొంగల చేతిలో దెబ్బలు తిని దారిలో పడివున్నవాణ్ణి చూసి పెద్దవాళ్ళు పక్కనుంచి తప్పుకుపోగా, పరాయివాడైన సమరయుడు ఆగి ఆదుకున్న కథ అది. నడిచి వెళ్ళే దారిలో ఒక సందులో ఒక మనిషిని కూర్చోబెట్టారు. తల వాల్చి, దగ్గుతూ, మూలుగుతూ వుంటాడు. అతను పరిశోధకులు పెట్టినవాడే. ఆ సంగతి విద్యార్థులకు తెలియదు.

బయలుదేరే ముందు కొందరికి "ఇంకా వ్యవధి వుంది" అన్నారు. కొందరికి "సరిగ్గా వేళ అయింది" అన్నారు. మరి కొందరికి "ఇప్పటికే ఆలస్యమైంది, త్వరగా వెళ్ళండి" అన్నారు. ఫలితం ఏమైందనుకున్నారు? వ్యవధి వున్నవారిలో నూటికి 63మంది ఏదో ఒక విధంగా సాయపడ్డారు. వేళ అయినవారిలో 45మంది. ఆలస్యమైనవారిలో నూటికి 10మంది మాత్రమే. చెప్పబోయే ఉపన్యాసం సమరయుడి గురించా, ఉద్యోగాల గురించా అన్నది చెప్పుకోదగ్గ తేడా ఏమీ తేలేదు. సమరయుడి కథ చెప్పటానికి పోతూ, ఆ కథలోని బాధితుణ్ణి దాటుకుని పోయినవాళ్ళున్నారు. వాళ్ళు చెడ్డవాళ్ళు కారు. గంట కొట్టేశారు, అంతే.

అందుచేత, సానుభూతి లేనివాడు రాతిగుండెవాడని మనం తేలికగా అనేస్తాము గాని, చాలాసార్లు అక్కడ వుండేది గుండె కాఠిన్యం కాదు, గడియారం. ఇంకొకటి భయం. ఎదుటివారి దుఃఖం తనను కూడా ముంచుతుందేమోనని, దాన్ని తొందరగా మూతవేయాలని చూస్తాము. "ఏడవకు", "ఊరుకో", "అంతా మన మంచికే", "నీకన్నా కష్టాల్లో వున్నవాళ్ళు ఎంతమంది లేరు" అన్న మాటలు చాలావరకు ఎదుటివారికోసం పుట్టినవి కావు, మన ఇబ్బంది తీరటానికి పుట్టినవి. నా "కాలమే మందు" కూడా ఆ కోవలోదే.

మూడోది నియమం. నియమాల వెనుక దాక్కుంటే మనుషులు కనబడరు. పాలగుమ్మి పద్మరాజుగారి 'గాలివాన' కథ గుర్తుండే వుంటుంది. 1952లో న్యూయార్క్ హెరాల్డ్ ట్రిబ్యూన్ పత్రిక నడిపిన ప్రపంచ కథానికల పోటీలో రెండో బహుమతి పొందిన కథ. అందులో రావుగారు గొప్ప క్రమశిక్షణ గల మనిషి. దానధర్మాల విషయంలో కూడా ఆయనకు సిద్ధాంతాలున్నాయి. రైల్లో చేయి చాచిన ముష్టిదానికి కానీ ఇవ్వడు. ఆ రాత్రి గాలివాన స్టేషనును ఊపేస్తుంటే, ఆ చీకట్లో ఆయన ప్రాణానికి వెచ్చదనం ఇచ్చింది ఆ ముష్టిదే. పైకప్పు కదిలితేగాని, ఆయనకు ఎదుట వున్నది సిద్ధాంతం కాదు, మనిషి అని తెలియలేదు. మనందరికీ గాలివాన వచ్చేదాకా ఆగవలసిన పని లేదనుకుంటాను.

ఇంటి నాలుగు గోడల మధ్య

చావు ఇళ్ళలో పలకరింపు ఏడాదికి నాలుగుసార్లు వస్తుందేమో. ఇంట్లో పలకరింపు మాత్రం రోజుకు నలభైసార్లు వస్తుంది. అసలు పరీక్ష అక్కడే.

సాయంకాలం ఆరు గంటలు. ఆయన ఆఫీసునుంచి వచ్చారు. ఆవిడ కాఫీ గ్లాసు చేతికి ఇస్తూ, "ఇవాళ నడుము విరిగిపోయిందండీ" అన్నది. ఈ వాక్యానికి మధ్యతరగతి గృహాల్లో మూడు జవాబులు ప్రసిద్ధిలో వున్నాయి. మొదటిది, "నాకు మాత్రం? ట్రాఫిక్కులో గంటన్నర!" రెండోది, "పనిమనిషిని పెట్టుకోమంటే వినవుగా!" మూడోది, సెల్‌ఫోన్ నుంచి తల ఎత్తకుండా, "ఊఁ".

మొదటి జవాబులో ఆవిడ నడుము ఆయన ట్రాఫిక్కు కింద పడి నలిగిపోయింది. చార్లెస్ డెర్బర్ అనే అమెరికన్ సామాజిక శాస్త్రజ్ఞుడు 1979లో అచ్చయిన తన పుస్తకంలో ఇలాంటి సంభాషణలనే పరిశీలించి, జవాబులను రెండు రకాలుగా విడదీశాడు. మాటను తనవైపు లాక్కునే జవాబు ఒకటి, చెప్పేవారి దగ్గరే వుండనిచ్చే జవాబు రెండోది. బావమరిది కథ చెప్పిన పెద్దమనిషిది మొదటి రకం. ఆయన దురుద్దేశంతో చెప్పలేదు. "నాకూ తెలుసు ఆ బాధ" అనటమే ఆయన అభిప్రాయం. కాని బండి ఆయన ఇంటివైపు తిరిగిపోయింది. దిగవలసిన మనిషి దారిలోనే దిగిపోయింది.

రెండో జవాబులో సలహా వుంది, దాని లోపల నింద వుంది. మూడో జవాబు సంగతి చెప్పనక్కరలేదు. 'ఊఁ' అన్నది నిజానికి గొప్ప మాటే సుమండీ! చిన్నప్పుడు అమ్మమ్మ కథ చెబుతుంటే మనం ఊఁ కొట్టకపోతే ఆవిడ ఆపేసేది. "నిద్రపోయావా?" అని అడిగేది. ఊఁ కొట్టటమంటే, నీ వెంట నడుస్తున్నాను, ఇంకా చెప్పు అని. అప్పుడు చీకట్లో పడుకుని కొట్టిన ఊఁలో మనం పూర్తిగా వున్నాము. ఇప్పుడు ట్యూబులైటు వెలుగులో ఎదురెదురుగా కూర్చుని కొడుతున్న ఊఁలో మనం లేము.

మరి ఏమనాలి? పెద్ద మాటలేమీ అక్కరలేదు. "పొద్దుటినుంచీ కూర్చోనే లేదా?" అంటే చాలు. పొగ వెనుక నిప్పును చూసిన మాట అది. ఆవిడ బహుశా, "లేదండీ. మీ అమ్మగారి మోకాళ్ళు మళ్ళీ వాచాయి. స్నానానికి ఎత్తి కూర్చోబెట్టవలసి వచ్చింది. నాకేమో భయంగా వుంది" అంటుంది. చూడండి, నడుము మాటున దాగిన విషయం ఎంత దూరంలో వున్నదో! మొదటి మూడు జవాబుల్లో ఏదీ అక్కడికి చేరేది కాదు.

పిల్లల సంగతి ఇంకా సున్నితం. "నాన్నా, లెక్కల్లో తప్పాను" అని కొడుకు వచ్చి చెప్పాడంటే, ఆ మాట గుమ్మం దాటి బయటకు రావటానికి వాడు ఎన్నిసార్లు మింగి వుంటాడో ఆలోచించండి. "నేను ముందే చెప్పాను, ఆ ఫోను పట్టుకుని కూర్చుంటే ఇంతేనని" అన్న మాట నిజమే కావచ్చు. కాని అది రేపు చెప్పదగిన నిజం. ఇవాళ చెప్పదగింది, "ఇటు రా, కూర్చో. ఎప్పటినుంచి ఈ సంగతి నీలో పెట్టుకుని తిరుగుతున్నావు?" అన్న ప్రశ్న. పరీక్షా ఫలితాల వారంలో పత్రిక విప్పాలంటే ఉపాధ్యాయులకు గుండె దడ. తప్పిన పిల్లలకు మార్కులకంటె, ఇంట్లో ఆ మాట చెప్పటం పెద్ద కష్టం. చెప్పగలిగిన ఇల్లు వున్న పిల్లవాడు ఆ రాత్రి దాటగలుగుతాడు. ఈ ఒక్క విషయంలో మాత్రం ఇది మర్యాదకు సంబంధించిన ముచ్చట కాదు. ప్రాణానికి సంబంధించినది.

వినటం ఎంత కరువో తెలియటానికి డాక్టర్ల ఉదాహరణ చాలు. అమెరికాలో బెక్‌మన్, ఫ్రాంకెల్ అనే ఇద్దరు 74 సందర్భాల్లో రోగులూ డాక్టర్లూ మాట్లాడుకోవటాన్ని పరిశీలించి 1984లో ప్రచురించారు. రోగి తన బాధ చెప్పటం మొదలుపెట్టిన తర్వాత డాక్టరు అడ్డు వచ్చేదాకా గడిచిన కాలం సగటున 18 సెకండ్లు. రోగి చెప్పదలచిందంతా చెప్పనిచ్చినవి నాలుగో వంతుకన్న తక్కువ. డాక్టర్లను చూసి నవ్వుకునే ముందు మనం మన పిల్లలకు ఎన్ని సెకండ్లు ఇస్తున్నామో గడియారం పెట్టి చూసుకుంటే మంచిది. నేను చూసుకున్నాను. అంకె ఇక్కడ రాయను.

ఒక చిన్న అభ్యాసం

దీన్ని నేర్చుకోవచ్చునా, లేక పుట్టుకతో రావలసిందేనా? నేర్చుకోవచ్చు. కార్ల్ రోజర్స్ (1902–1987) అనే అమెరికన్ మనస్తత్వ శాస్త్రజ్ఞుడు ఇందుకు ఒక తేలికైన పద్ధతి చెప్పాడు. ఇద్దరు వాదించుకుంటున్నారనుకోండి. ఎదుటివారు చెప్పింది ముందు మన మాటల్లో తిరిగి చెప్పాలి. వారు "అవును, నేనన్నది అదే" అని ఒప్పుకోవాలి. ఆ తర్వాతే మన మాట మొదలుపెట్టాలి. వినటానికి సులువే. అత్తాకోడళ్ళ మధ్యనో, అన్నదమ్ముల ఆస్తి పంపకాల దగ్గరో ఒక్కసారి ప్రయత్నించి చూడండి. సగం తగాదాలు, ఎదుటివారు అనని మాటలమీద జరుగుతున్నాయని తేలుతుంది.

అయితే ఒక హెచ్చరిక. అర్థం చేసుకోవటమంటే ఒప్పుకోవటం కాదు. కొడుకు కోరిన మోటారు సైకిలు కొనలేమని చెప్పవచ్చు. అది వాడికి ఎంత ముఖ్యమో తెలుసుకుని చెప్పవచ్చు. రెండూ ఒకే నోటితో చెప్పటం సాధ్యమే. అలాగే, ఎదుటివారి మనసు తెలిసినంత మాత్రాన మంచివాడు అయిపోడు. మోసగాళ్ళకు ఆ విద్య మనకన్న బాగా తెలుసు. తెలిసిన తర్వాత ఆ మనిషి మేలు కోరటం రెండో మెట్టు. అది లేకపోతే మొదటి మెట్టు ప్రమాదకరం.

ఇంకొకటి. ముఖం చూసి మనిషిని తూచవద్దు. కొందరికి ఓదార్పు మాటలు రావు, కళ్ళలోకి చూసి మాట్లాడటం రాదు. ఆటిజం వున్నవారికి ఇతరుల మనసు తెలియదని చాలాకాలం నిపుణులే అన్నారు. తాను స్వయంగా ఆటిజం కలవాడైన డేమియన్ మిల్టన్ అనే బ్రిటిష్ పండితుడు 2012లో, ఈ లోటు ఒక పక్కనే లేదనీ, వారికి మనం అర్థం కానట్టే మనకూ వారు అర్థం కావటం లేదనీ వాదించాడు. న్యాయమైన మాట. మా బంధువుల్లో ఒకాయన వున్నారు. ఏ చావు ఇంట్లోనూ నోరు విప్పి ఒక్క మాట అనరు. వచ్చి, కరెంటు బిల్లు కట్టి, గ్యాసు సిలిండరు మార్చి, వచ్చినవాళ్ళ చెప్పులు వరసగా పెట్టి వెళ్ళిపోతారు. పలకరింపుకు పలుకే అక్కరలేదని ఆయన్ను చూస్తే తెలుస్తుంది. చావు జరిగిన ఇంట పొయ్యి వెలిగించకుండా, ఇరుగుపొరుగులు, బంధువులు అన్నం వండి తెచ్చే మన ఆచారం కూడా అలాంటి మాటలేని పలకరింపే. "తిన్నావా?" అని అడగటంలో మన తెలుగువాళ్ళు ఎంత అర్థం పెట్టగలరో పరాయి భాషలవాళ్ళకు వివరించటం కష్టం.

ఇప్పుడు వాట్సప్ గ్రూపులు వచ్చాయి. ఎవరో పోయారని వార్త. కింద వరసగా నలభై దండాలు, "ఓం శాంతి" లు. నలభై ఒకటో మెసేజీ ఎవరిదో పుట్టినరోజు కేకు. దానికీ వరసగా చప్పట్లు. నేను దాన్ని తప్పుపట్టను. దూరదేశాల్లో వున్నవారికి అదే దిక్కు. కాని అదే వీధిలో వుండి, ఆ దండం బొమ్మ పెట్టి పని అయిపోయిందనుకోవటం మాత్రం మనల్ని మనం మోసం చేసుకోవటమే. ఒక్క ఫోను చేసి, పోయిన మనిషిని గురించి మనకు తెలిసిన ఒక్క సంగతి చెప్పండి. పిన్నిగారు చేసింది అదే. చనిపోయిన మనిషిని రోగంగా, గడియగా, పెన్షను కాగితంగా గాక, పొద్దున్నే పేపరు చదివే గొంతుగా తిరిగి ఆ ఇంటికి తెచ్చి ఇచ్చారు.

నా సంగతి చెప్పి ముగిస్తాను. బస్టాండులో ఆ అమ్మాయి కనిపించిన తర్వాత నేను పెద్దగా మారిపోయానని చెప్పుకోను. ఇప్పటికీ తొందరే, ఇప్పటికీ సలహాలే. ఒక్క అలవాటు మాత్రం చేసుకున్నాను. ఎవరైనా విద్యార్థి కాగితం పట్టుకుని గుమ్మంలో నిలబడితే, ముందు కలం మూత పెట్టి బల్లమీద పెడతాను. "కూర్చో" అంటాను. తర్వాతే కాగితం.

కిందటి నెల ఒక పిల్లవాడు టీసీ అడగటానికి వచ్చాడు. కూర్చోమన్నాను. కూర్చున్నాడు. చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. నేనూ మాట్లాడలేదు. మధ్యలో గంట మోగింది. పక్క సెక్షనులో క్లాసు వుంది. వాడు గోడమీది గడియారం వంక చూసి, "సార్, మీకు క్లాసు..." అన్నాడు.

"వాళ్ళు పది నిమిషాలు అల్లరి చేసుకుంటారులే. నువ్వు చెప్పు" అన్నాను.

వాడు కాగితం మడిచి జేబులో పెట్టుకుని, చెప్పటం మొదలుపెట్టాడు.